అరువు కళ్ల ఎలుగుబంటి

ఇప్పచెట్ల అడవిని ఆనుకుని ఇప్పగిరి అని ఒక రాజ్యం ఉండేది. పెద్ద రాజ్యమేమీ కాదు. రాజుగారు కోట బురుజెక్కి గట్టిగా తుమ్మితే సరిహద్దులో కాపలావాడు "నూరేళ్లు!" అనేవాడు, అంతే. కానీ ఆ రాజ్యానికి ఒక పిచ్చి పట్టుకుంది. ఇలాంటి పిచ్చులన్నీ రాజుగారి దగ్గరే మొదలవుతాయి కాబట్టి ఇదీ అక్కడే మొదలైంది.

రాజు పేరు బల్లాలరాయుడు. ఆయనకు ఎలుగుబంట్లంటే ప్రాణం. అదీ అడవిలో తిరిగే ఎలుగు కాదు, బొమ్మచీటీ మీది ఎలుగు. బొమ్మచీటీ అంటే మీకు తెలియదు కదూ, చెబుతాను వినండి. అరచేతంత మందపాటి అట్ట. ఒకవైపు బొమ్మ ఉంటుంది. రెండో వైపు "ఇక్కడ మేం క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాం" అని నాలుగు ముక్కలు రాసుకోవచ్చు. దూరదేశాలు వెళ్లినవాళ్లు వాటిని ఇంటికి పంపుకునేవారు. ఇప్పగిరి గడప తొక్కే ఏ వర్తకుడైనా, ఏ రాయబారైనా తన దేశపు ఎలుగుబంటి బొమ్మచీటీ ఒకటి తెచ్చి తీరాలని రాజుగారు చాటింపు వేయించాడు.

అలా వచ్చి పడ్డాయి చీటీలు. మంచుదేశం నుంచి చేపను నోట కరుచుకున్న తెల్ల ఎలుగు వచ్చింది. కొండదేశాల నుంచి గుండె మీద నెలవంక మచ్చ ఉన్న ఎలుగు, దీవుల నుంచి కొమ్మ మీద బోర్లా పడుకుని కునికే చిన్న ఎలుగు వచ్చాయి. ఒక దేశంవాళ్లు ఎలుగుకు తలపాగా చుట్టి చేతికి తంబుర ఇచ్చారు. ఇంకో దేశంలో అసలు ఎలుగులే లేవట. పాపం, పందికి బొచ్చు గీసి పంపారు. రాజుగారు దాన్నీ వదల్లేదు. ఒక మేడ కట్టించి, గోడల నిండా అన్నీ అమర్చి, దానికి ఎలుగుల మేడ అని పేరు పెట్టాడు. రాజును చూసి ఊరు. పిల్లలు అరుగుల మీద కూర్చుని రెండు నల్లవాటికి ఒక తెల్లది అని బేరాలాడుకునేవారు.

ఒకనాడు పొరుగున ఉన్న కంచుకోట రాజు కబురు పంపాడు. "మీ మేడ చూడడానికి రేపు వస్తున్నాం. దేశదేశాల ఎలుగులూ ఉన్నాయట, మరి మీ సొంత అడవి ఎలుగు ఉందా?" అని.

బల్లాలరాయుడి ముఖం మాడిపోయింది. అదొక్కటే లేదు. ఇప్పగిరి కొండ మీద ఒక పెద్ద ఎలుగు ఉండేది. ఊరంతా ఆమెను ఎలుగుతల్లి అనేవారు. ఆమె చూపు తమ మీద ఉన్నంతకాలం ఊరికి ఏ లోటూ రాదని వాళ్ల నమ్మకం. ఏటా మొదట రాలిన ఇప్పపూలు ఆమెకే వదిలిపెట్టేవారు. ఆమె బొమ్మ మాత్రం ఎవరూ గీయలేదు. ఎందుకంటే ఇప్పగిరి చిత్రకారులకు ఒక పద్ధతి ఉంది. బొమ్మంతా ఇంట్లో గీసినా కళ్లు మాత్రం వదిలేస్తారు. ఎవరి బొమ్మ గీశారో వాళ్ల ఎదుటికి వెళ్లి, పండో పువ్వో ముందు పెట్టి, అడిగి, చూస్తూ కళ్లు పెడతారు. దీన్నే కళ్లు తెరవడం అంటారు. ఆవు బొమ్మయినా సరే, కొట్టంలోకి వెళ్లి తెరవాల్సిందే. కొండెక్కి ఎలుగుతల్లి ఎదుట కూర్చునే ధైర్యం ఎవరికుంది?

"రేపటికల్లా కావాలి," అన్నాడు రాజు.

"కళ్లు తెరవడానికి కొండకు వెళ్లిరావాలి కదా మారాజా, రేపటికెట్లా అవుతుంది?" అన్నాడు ఆస్థాన చిత్రకారుడు గవరయ్య.

"గోడ మీద ఇన్ని ఎలుగులున్నాయి. వాటిలో ఒకదాని కళ్లు చూసి పెట్టెయ్యవయ్యా! ఎలుగు కళ్లు ఎక్కడైనా ఎలుగు కళ్లేగా!"

గవరయ్య తల గోక్కున్నాడు. చేతికి అందే ఎత్తులో ఒక చీటీ ఉంది. ఏదో దూరదేశపు సంతలో మెడకు గొలుసుతో ఆడే ఎలుగు బొమ్మ అది. దాని కళ్లు గీయడం సులువు. వాటిలో ఏమీ లేదు. రెండు చుక్కలు, అంతే. ఆ చుక్కలు తెచ్చి ఎలుగుతల్లి బొమ్మకు పెట్టేశాడు.

మరునాటి పొద్దున ఇప్పగిరిలో ఏదో అయింది. ఏమైందో ఎవరికీ తెలియలేదు. ఏదో అయిందని తెలియాలంటే లోపల ఒకటి కదలాలి కదా, ఆ కదలడమే పోయింది. పాలు పొంగి పొయ్యిలో పడుతుంటే ఇల్లాళ్లు చూస్తూ నిలబడ్డారు. కొలిమి దగ్గర కమ్మరి చెయ్యి కాలితే "కాలింది" అనుకుని మళ్లీ పనిలో పడ్డాడు. కంచుకోట రాజు మేళతాళాలతో దిగాడు. బల్లాలరాయుడు "వచ్చారా" అన్నాడు. కాసేపు కూర్చుని "వెళతారా" అన్నాడు. వచ్చినాయన మండిపడుతూ వెళ్లిపోయినా ఇక్కడ ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. ఊరంతా మొద్దుబారిపోయింది.

ఆ ఊళ్లో సూరప్ప అనే అంచెబంటు ఉండేవాడు. గంట కట్టిన బల్లెం పట్టుకుని, సంచి వీపున వేసుకుని, సరిహద్దు నుంచి కోటకు బొమ్మచీటీలు మోసుకొచ్చే పని అతనిది. ఆ వారమే వాగు పొంగింది. ఎర్రనీళ్లు సుడులు తిరుగుతుంటే చూసిన ఎవడికైనా గుండె ఝల్లుమంటుంది. సూరప్పకు ఝల్లుమనలేదు. రోజూ నడిచే దారే కదా అని నడుచుకుంటూ దిగిపోయాడు. దిగువ ఊరివాళ్లు శవాన్ని తెచ్చి అప్పగించారు. భార్య పైడమ్మ చూసి "సరే" అంది. కూతురు నాంచారి కూడా చూసింది. నాన్న కాలివేళ్ల మధ్య ఇసుక ఉంది, కడగాలి అనుకుంది. కడిగింది. కాష్ఠం దగ్గర ఒక్కరూ ఏడవలేదు. పని అయ్యాక ఎవరిళ్లకు వాళ్లు పోయారు.

నాంచారికి ఒక తమ్ముడు, చంటివాడు, పేరు అప్పన్న. వాడు ఏడిస్తేనే అమ్మ ఎత్తుకునేది. ఇప్పుడు వాడు ఏడవడమే మానేశాడు. ఆకలి కూడా ఒక బాధే కదా! అన్ని బాధలతోపాటు అదీ పోయింది. పెద్దవాళ్లు ఎండను చూసి వేళయిందని ఇంత తినేవారు. చంటివాడికి ఎండేమిటో వేళేమిటో ఏం తెలుసు? పాలివ్వబోతే నోరు తెరవడు. గుడ్డ ఒత్తి పాలల్లో ముంచి నోట్లో పిండితే సగం మింగి సగం కార్చేస్తున్నాడు. వాడి చేతులు పుల్లల్లా అయిపోయాయి. నాంచారి ఒకరోజు వాణ్ణి ఎత్తి చూసింది. బరువే లేదు. ఇలాగే ఉంటే వీడు చచ్చిపోతాడు అనుకుంది. బాధ కలుగుతుందేమోనని కాసేపు ఆగి చూసింది. కలగలేదు. వాణ్ణి పడుకోబెట్టి గవరయ్య ఇంటికి నడిచింది, బొమ్మ గీసిన మర్నాడే ఇలా అయిందని ఆమెకు గుర్తుంది.

"తాతా, ఊరెందుకిలా అయిందో నీకు తెలుసా?"

"తెలుసు. నేనే చేశాను," అన్నాడు గవరయ్య. సిగ్గు కూడా పోయింది కాబట్టి దాచకుండా అంతా చెప్పాడు. "గొలుసు ఎలుగు కళ్లు తెచ్చి తల్లికి పెట్టాను. అది దెబ్బలు తిని తిని ఏమీ తెలియకుండా అయిపోయిన ఎలుగు. ఇప్పుడు తల్లీ అంతే, ఆమె చూపు కింద ఉన్న మనమూ అంతే."

"బాగుచేయలేవా?"

"చేయొచ్చు. బొమ్మను ఆమె ఎదుటికి తీసుకెళ్లాలి. తడి వేలితో ఆ చుక్కలు తుడవాలి. ఇక్కడ తుడిస్తే ఆమె కళ్లే పోతాయి. తుడిచాక తడి ఆరేలోపు ఆమె కళ్లు చూసి కొత్తవి పెట్టాలి. రెండు చుక్కలేగా, చిత్రకారుడే కానక్కర్లేదు. చూసి పెడితే చాలు."

"మరి నువ్వు వెళ్లలేదేం?"

"వెళ్లబుద్ధి కావడం లేదు పిల్లా."

"నాకూ కావడం లేదు. వెళతాను," అంది నాంచారి.

అంచెబంటు బిడ్డ కదా. సంచి భుజానికెత్తితే చేర్చేదాకా దించకూడదని చిన్నప్పటి నుంచీ విన్న పిల్ల. మనసు చెప్పకపోయినా కాళ్లకు ఆ అలవాటు ఉంది. గవరయ్య ఇచ్చిన కుంచె, మసి సిరా సంచిలో వేసుకుని కోటకు వెళ్లింది. ఒకప్పుడు మేడలో ఎవరైనా గోడకు ఆనుకుంటే గుడ్లురిమే రాజు, ఇప్పుడు ఎలుగుతల్లి చీటీ అడగ్గానే ఊడదీసి ఇచ్చేశాడు. "ఇవి కూడా పట్టుకుపో," అని ఒకే రకం రెండేసి ఉన్నవి కొన్ని సంచిలో పడేశాడు. ఎందుకని ఆమె అడగలేదు. ఎందుకో ఆయనకూ తెలియదు.

ఇంటికి వచ్చి, "అమ్మా, నేను కొండకు పోతున్నా. పొద్దునా సాయంత్రం తమ్ముడికి ఒత్తితో పాలు పట్టు," అంది.

"గుర్తుంటే పడతాను," అంది పైడమ్మ.

నాంచారి బయలుదేరింది.

అడవి మొదట్లో ఒక మారేడు తోపు ఉంది. అందులో చండభానుడనే ముని తపస్సు చేసుకుంటున్నాడు. మహా కోపిష్టి. అలికిడయితే శపించడమే. ఆ చుట్టుపక్కల కప్పలన్నీ ఒకప్పుడు బాటసారులేనని చెప్పుకునేవారు. దారి మాత్రం ఆయన ముందు నుంచే పోతుంది.

"ఎవతెవే నువ్వు!" అని ముని కళ్లెర్రజేశాడు. "నా తపస్సు భంగం చేస్తావా? కప్పవై పొమ్మని శపిస్తాను, ఏమనుకున్నావో!"

"కప్పనైతే ఈ సంచి మోయలేను స్వామీ. దీన్ని కొండ మీద చేర్చాక శపించండి. మళ్లీ ఇటే వస్తాను."

ముని కమండలం ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. ఇన్నేళ్లలో ఆయన ముందు కాళ్లావేళ్లా పడినవాళ్లున్నారు, పారిపోయినవాళ్లున్నారు. వాయిదా అడిగినవాళ్లు మాత్రం లేరు.

"నీకు భయం వేయడం లేదూ?"

"లేదండీ."

"ఇంట్లో ఎవరెవరున్నారు?"

"అమ్మ, తమ్ముడు. నాన్న వాగులో పోయాడండీ. తమ్ముడూ పోయేట్టున్నాడు."

చెరువులో నీళ్లున్నాయి అన్నట్టు చెప్పింది ఆ మాట. ముని కోపం చల్లారిపోయింది. కమండలం కింద పెట్టాడు.

"అయ్యో తల్లీ," అన్నాడు. "వెళ్లమ్మా, వెళ్లు. దారిలో నిన్ను బెదిరించేవాళ్లు, ఆశపెట్టేవాళ్లు ఉంటారు. వాళ్లను దాటేస్తావులే, వాళ్లకు నీలో పట్టు దొరకదు. చివరకు గుహలో మాత్రం ఎవరూ అడ్డుపడరు. వెనక్కి పోదామని నీకే అనిపిస్తుంది. గుర్తుంచుకో."

"సరే స్వామీ," అని ఆమె నడిచింది.

ఎండెక్కేసరికి ఒక లోయ అడ్డం వచ్చింది. దాని మీద వంతెన ఎప్పుడో కూలిపోయింది. ఇవతలి గట్టునే బండ మీద బండకర్ణుడనే రాక్షసుడు కూర్చుని ఉన్నాడు. తాటిచెట్టంత మనిషి, చాటల్లాంటి చెవులు. పిల్లను చూడగానే లేచి లోయ దద్దరిల్లేలా గాండ్రించాడు. కొండ మీది రాళ్లు దొర్లాయి. నాంచారి జుట్టు గాలికి వెనక్కి ఎగిరింది. సర్దుకుంది.

"అయ్యా రాక్షసుడూ, అవతలికి దారెటు?"

రాక్షసుడు నోరెళ్లబెట్టాడు. ఇంకోసారి గాండ్రించాడు. గొంతు బొంగురుపోయింది కానీ పిల్ల కదల్లేదు. దగ్గాడు. "నేను భయపడినవాళ్లనే తింటాను. భయపడనివాళ్లు రుచీపచీ ఉండరు. ఆ సంచిలో ఏముంది?"

"ఎలుగుబంట్ల బొమ్మచీటీలు."

ఆ మాట వినగానే రాక్షసుడి చెవులు రెపరెపలాడాయి. "నిజంగా? చూపించు, చూపించు! ఆగాగు, చెమట చేత్తో పట్టుకోకు! అంచులు పట్టుకోవాలి, అంచులు!" అంటూ బండ వెనక నుంచి ఒక పెద్ద పెట్టె లాక్కొచ్చాడు. దాని నిండా ఎలుగు చీటీలే. దారిన పోయే వర్తకులను తినేసి పోగేసినవి కాబోలు, నేను అడగలేదు. అన్నీ మామిడాకుల మధ్య పెట్టి పదిలంగా దాచుకున్నాడు. అంత లావు వేళ్లతో ఒక్కొక్కటే ఎంత సుతారంగా తీసేవాడో మీరు చూడాల్సింది.

నాంచారి సంచిలోవి చూపించింది. ఎలుగుతల్లి చీటీ కనపడేసరికి రాక్షసుడికి ఊపిరాడలేదు.

"ఇది! ఇది లోకం మొత్తంలో ఒక్కటే ఉంది! నాకిచ్చెయ్. నీకేం కావాలో కోరుకో. బంగారమా? రాజ్యమా?" ముందుకు వంగి మెల్లగా అడిగాడు. "మీ నాన్నను లేపి కూర్చోబెట్టనా?"

నాంచారి లోపల వెతికి చూసుకుంది. నాన్న కావాలా? కావాలనే తెలుసు. కానీ కావాలని అనిపించడం లేదు. ఏమీ అనిపించడం లేదు.

"వద్దయ్యా. ఇది ఇంకొకరికి చేర్చాల్సింది. నీకు ఈ తెల్లది ఇస్తాను, చేప నోట్లో పెట్టుకున్నది. నన్ను అవతల దించు."

రాక్షసుడు చాలాసేపు గింజుకున్నాడు. కానీ అతని పెట్టెలో తెల్ల ఎలుగు లేదు. ఎన్నాళ్లుగానో దానికోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తున్నాడు. చివరకు ఒప్పుకుని, ఆమెను అరచేతిలో పెట్టుకుని లోయ అవతలి గట్టున దించాడు.

"ఒక మాట పిల్లా. చచ్చినవాళ్లను లేపడం నాకు రాదులే. ఊరికే అన్నాను," అన్నాడు తల దించుకుని.

"సరే," అంది నాంచారి.

ఆపైన కొండ మలుపులో దారికి రెండువైపులా తేనెపట్లు వేలాడుతున్నాయి. ఎలుగుతల్లి గుహకు కావలి ఆ తేనెటీగలే. పిల్ల రాగానే జుమ్మని కమ్ముకున్నాయి. ముఖం మీద, చేతుల మీద, మెడ మీద ఎక్కడపడితే అక్కడ కుట్టాయి. నాంచారి సంచి తెరుచుకోకుండా ఒక చేత్తో మూతి బిగించి పట్టుకుని, అదే నడక నడిచింది. కళ్లు వాచి సగం మూసుకుపోయాయి. మిగిలిన సగంతో దారి చూసుకుంది.

"ఇంత కుట్టినా అబ్బా అనదేం ఈ పిల్ల?" అంది రాణీగ.

"మా తల్లిలాగే ఉంది, ఆమె కూడా ఏమీ అనడం లేదు. పోనివ్వండి," అంది ముసలి ఈగ ఒకటి. తేనెటీగలు పక్కకు తప్పుకున్నాయి.

గుహలో ఎలుగుతల్లి కూర్చుని ఉంది. కొండలోంచి కొంత విరిగి పడ్డట్టు పెద్దగా ఉంది. ఎదుట ఇప్పపూలు కుప్పగా ఉన్నాయి. ముట్టలేదు, కుళ్లిపోతున్నాయి. మెడలో గొలుసు లేదు, అయినా గొలుసు కట్టిన ఎలుగులాగా అటూ ఇటూ, అటూ ఇటూ ఊగుతోంది. కళ్లు రెండు నల్లచుక్కలు. నాంచారి ఎదురుగా కూర్చుంది. చీటీ తీసి ఒళ్లో పెట్టుకుంది. బొటనవేలు నాలికకు అద్ది, బొమ్మ కళ్లు తుడిచేసింది.

ఊగడం ఆగింది.

ముందు నాంచారికి అరికాళ్లు మండాయి. దారంతా ఎన్ని ముళ్లు దిగాయో అన్నీ ఒకేసారి తెలిశాయి. తరువాత తేనెటీగలు. ముఖమంతా నిప్పు పోసినట్టయి "అమ్మో! అమ్మా!" అని గుహ మారుమోగేలా కేక పెట్టింది. ఆపైన రాక్షసుడు గుర్తొచ్చాడు. తాటిచెట్టంత రాక్షసుడితో చీటీల బేరమాడిందా తను!

ఆ తరువాత నాన్న గుర్తొచ్చాడు.

"నాన్నా!" అంది నాంచారి. "నీళ్లెక్కువున్నాయి నాన్నా, దిగొద్దు! దిగొద్దు నాన్నా!" అంటూ నేల మీద పడి గుండెలవిసేలా ఏడ్చింది. వేళ్ల సందుల్లో ఇసుక కడిగింది కదా, ఆ చల్లని కాళ్లు ఇప్పుడు చేతికి తగిలాయి. ఇన్నాళ్లూ ఎక్కడ ఉందో ఆ ఏడుపు, ఒక్క చుక్క తగ్గకుండా వచ్చింది.

ఎలుగుతల్లి ఆమె మీదకు వంగింది. కళ్లు ఇప్పుడు ఆమెవే. కానీ చీటీ మీద తడి ఆరేదాకానే.

"బిడ్డా," అంది ఎలుగుతల్లి. "గొలుసు పోయింది నాకు. మెడలో లేనిదే ఇన్నాళ్లూ ఎట్లా లాగిందో చూడు. నువ్విప్పుడు పడుతున్న బాధ ఇంకా నీ ఒక్కదానిదే. నువ్వు కళ్లు తెరిస్తే ఊరందరికీ వస్తుంది. కాలిన చేతులు మండుతాయి. మీ అమ్మకు మొగుడు పోయిన సంగతి అప్పుడు తెలుస్తుంది. ఓర్చుకోలేననుకుంటే ఆ పాత చుక్కలే మళ్లీ పెట్టు. నీకూ ఈ నొప్పి తీసేస్తాయి. నేనేమీ అనను. నాకు మళ్లీ ఏమీ తెలియదు."

నాంచారి చీటీ వైపు చూసింది. ఒక అంచు అప్పుడే ఆరుతోంది. రెండు చుక్కలు పెడితే చాలు, ఈ మంటా ఉండదు, నాన్న పోయిన బాధా ఉండదు. లేచి ఇంటికి పోవచ్చు. పెట్టేద్దామనే అనిపించింది. నిజంగా అనిపించింది. మీకైనా అనిపిస్తుంది, నాకైనా అనిపిస్తుంది.

"తమ్ముడు..." అంది వెక్కుతూ. "మా తమ్ముడికి ఆకలెయ్యడం లేదు తల్లీ. ఆకలేస్తే గాని ఏడవడు. ఏడిస్తే గాని అమ్మ ఎత్తుకోదు. మాకు ఎంత నొప్పయినా రానీ. వాడికి ఆకలెయ్యాలి."

కుంచె తీసుకుంది. వాచిన వేళ్లు వంగడం లేదు. తలెత్తి ఎలుగుతల్లి కళ్లలోకి చూసింది. ఆ కళ్లలో కోపం ఉంది. ఆకలి ఉంది. అడగకుండా బొమ్మ గీశారన్న చిన్నబోవడం ఉంది. ఏడుస్తున్న పిల్లను చూసి తట్టుకోలేకపోవడం కూడా ఉంది. అవన్నీ చూస్తూ ఒక చుక్క పెట్టింది. ఇంకో చుక్క పెట్టింది. ఒకటి కొంచెం పెద్దదయింది. ఫరవాలేదు.

చీటీ ఆరింది.

ఎలుగుతల్లి ఒక్క నిట్టూర్పు విడిచి, కుప్పలో పైన ఉన్న మంచి పూలు ఏరుకుని పుష్టిగా తింది. "ఎక్కు బిడ్డా. మీ తమ్ముణ్ణి చూడాలి," అని వీపు వంచింది.

వచ్చేటప్పుడు చీమంతయినా జంకని పిల్ల పోయేటప్పుడు దారి పొడవునా కెవ్వుకెవ్వుమంటూనే ఉంది. ఎలుగు లోయ మీంచి దూకినప్పుడు కళ్లు గట్టిగా మూసుకుంది. రాక్షసుడు ఎలుగుతల్లిని చూసి పెట్టె మీద బోర్లా పడుకుని దాచుకున్నాడు. ముని ఎదురొచ్చి చెయ్యెత్తితే శపిస్తాడేమోనని హడలి చచ్చింది. ఆయన దీవించాడు.

ఊరు దూరం నుంచే వినిపించింది. ఏమి గోల, ఏమి గోల! కమ్మరి చెయ్యి పట్టుకుని గెంతుతున్నాడు. గవరయ్య నడివీధిలో కూర్చుని తల బాదుకుంటున్నాడు. వెన్న రాసేవాళ్లు, పసరు పిండేవాళ్లు, పోట్లాడుకునేవాళ్లు, ఇన్నాళ్లూ ఆడని పోట్లాటలన్నీ ఒక్కరోజే ఆడేస్తున్నారు. సూరప్ప పేరు చెప్పి ఏడ్చేవాళ్లూ ఉన్నారు. నాంచారి ఎలుగు వీపు మీంచి జారి ఇంటివైపు పరుగెత్తింది. వీధంతా గోలగా ఉంటే తన ఇల్లొక్కటే నిశ్శబ్దంగా ఉంది. గుమ్మం పట్టుకుని ఆగిపోయింది.

లోపల పైడమ్మ గోడకు చేరగిలబడి ఉంది. గొంతు పోయేలా ఏడ్చేసి ఉంది, ఇక ఆమె నోట శబ్దం రావడం లేదు. ఒళ్లో అప్పన్న కదలకుండా ఉన్నాడు.

"అమ్మా!" అంది నాంచారి. "తమ్ముడు..."

పైడమ్మ తలెత్తింది. "ష్," అంది. "తాగుతున్నాడే. ఇప్పుడే పట్టాడు."

పాలు మింగుతున్న చప్పుడు గుటకగుటకగా వినిపించింది. నాంచారి వెళ్లి అమ్మ భుజం మీద తల పెట్టింది. "నాన్న లేడే," అంది పైడమ్మ. "ఊఁ," అంది నాంచారి. ఇద్దరూ అలాగే ఏడుస్తూ కూర్చున్నారు. మధ్యలో అప్పన్న పాలు సరిపోలేదని నోరు తెరిచి, ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు లంకించుకున్నాడు. పైడమ్మ కన్నీళ్లతోనే నవ్వి, "ఉండరా నాయనా, ఉండు," అంటూ వాణ్ణి రెండోవైపుకు మార్చుకుంది.

ఈలోగా రాజుగారు చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చి ఎలుగుతల్లి ముందు సాష్టాంగపడ్డాడు. "తప్పయింది తల్లీ!"

"నీ గోడ మీద గొలుసు ఎలుగును రోజూ చూశావు కదా. నీకేమీ అనిపించలేదా?" అని అడిగింది ఎలుగుతల్లి.

"గొలుసు బాగా గీశాడనుకున్నాను తల్లీ," అన్నాడు బల్లాలరాయుడు. అని, ఆ మాట తన చెవిన పడగానే చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

ఏడ్చి ఊరుకోలేదు లెండి. ఆయనే స్వయంగా ఆ దూరదేశం వెళ్లాడు. సంతలో ఆ ఎలుగును వెతికి విడిపించి, తన చేత్తో గొలుసు తీసి, ఇప్పగిరి అడవికి తీసుకొచ్చాడు. పాపం, చాలాకాలం అది చెట్టు కింద నిలబడి ఊగుతూనే ఉంది. ఎలుగుతల్లి రోజూ పక్కన కూర్చునేది. ఒక పొద్దున అది ఊగడం ఆపి, ఒక ఇప్పపువ్వు వాసన చూసి, ఇష్టంగా తింది. దాని బొమ్మ గీస్తామని ఎవరూ అడగలేదు.

నాంచారి పెద్దదై అంచెబంటులందరికీ నాయకురాలైంది. వాగు పొంగితే ఏ బంటూ నీళ్లలో దిగకూడదని, తగ్గేదాకా చీటీలూ ఆగాలి రాజూ ఆగాలన్నది ఆమె పెట్టిన మొదటి కట్టడి. రాజు ఆగాడు. చీటీలు సేకరించడం ఇప్పగిరివాళ్లు మానలేదు, అదంత తేలిగ్గా పోయే పిచ్చి కాదు. కాకపోతే బొమ్మలో ఉన్న ఎలుగు ఎలా ఉందో కూడా చూడడం నేర్చుకున్నారు.

ఇక వాళ్లంతా సుఖంగా ఉన్నారా అని అడుగుతారు మీరు, నాకు తెలుసు. ఉన్నారు. దెబ్బ తగిలితే ఏడ్చుకుంటూ, పోయినవాళ్లను తలుచుకుంటూ, ఆకలేసినప్పుడు తింటూ ఉన్నారు. అప్పన్న నడక నేర్చుకునే రోజుల్లో వీధి మధ్య బోర్లా పడి, మోకాలు చీరుకుని, కోట దాకా వినిపించేలా ఆరున్నొక్క రాగం అందుకున్నాడు. ఆ ఏడుపుకు ఇళ్లలోంచి అందరూ బయటికి వచ్చారు. అందరికంటే ముందు వాళ్లమ్మ వచ్చి ఎత్తుకుంది.